టైలరమ్మ గుమ్మం ముందు తడి

పెద్ద పైపు పగిలిన రోజు రోడ్డు చెరువైంది, మర్నాడు కుళాయిలు ఎండిపోయాయి. ట్యాంకరు నీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమేనని, బట్టలు ఉతికిన ఇంటికి నీళ్లు ఆపేస్తామని మైకులో చెప్పి వెళ్లారు. పైపు ఎప్పుడు బాగవుతుందో మాత్రం చెప్పలేదు. మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా వీధి జనం ఒకరి గుమ్మం ముందు కాలువ ఇంకొకరు కనిపెట్టి చూడడం మొదలుపెట్టారు. కాలువ తడిగా ఉందంటే దొంగ దొరికినట్టే.

మా ఎదురింటి టైలరమ్మ దొరికింది.

ఆమెది ఒకటే గది. కుట్టుమిషను, దాని వెనకే మంచం, మంచం మీద భర్త. బస్సు డ్రైవరుగా ఊరంతా తిప్పిన మనిషి, పక్షవాతం వచ్చాక అన్నీ పక్కలోనే. రోజూ దుప్పట్లు ఉతికి మారిస్తే తప్ప ఆయన వీపు పుండు పడకుండా ఉండదు.

పక్కింటి రిటైర్డ్ మేష్టారు ఆ కాలువని ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టాడు. "మేం గొంతు తడుపుకోవడానికి చస్తుంటే నీకు ఉతుకుడా?"

"నా వాటాలోవే మేష్టారూ. నేను తాగేది తగ్గించుకుని..."

"అందరూ ఇలాగే చెబుతారమ్మా."

ఆఫీసు వాళ్లని పల్లెత్తు మాట అనలేని వీరులంతా ఆమె మీద పడ్డారు. నాకు ఒళ్లు మండి నలుగురినీ దులిపేశాను. "అంత జాలుంటే నీ బిందె ఇవ్వు" అన్నారు. నేను ఇంట్లోకి వచ్చేశాను. మా ఇంట్లోనూ మిగిలింది అరబిందే.

ఆ రోజు ట్యాంకరువాడు ఆమెకి సగమే పోశాడు. ఆమె ఉతకడం మానేసి దుప్పట్లు అలాగే ఎండలో ఆరేసింది. గది కంపు కొట్టింది. కుట్టమని ఇచ్చిన బట్టలు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోయారు.

ఓ పొద్దున్న ఆమె మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "వదినా, ఇవాళ పక్క పొడిగా ఉంది!" ఎన్నాళ్లకో ఆ మొహంలో వెలుగు. నేనూ వెంట వెళ్లాను.

మంచం పక్కన రాత్రి పెట్టిన గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఆమె దాన్ని ఆయన నోటికి అందించింది. ఆయన పళ్లు బిగించాడు.

"తాగండి. డాక్టరుగారు బాగా తాగమన్నారు కదా?"

"దాహం లేదే."

"పెదాలు పగిలిపోతుంటే దాహం లేకపోవడమేంటి?"

ఆయన నన్ను చూసి గోడవైపు తల తిప్పుకున్నాడు.

"పైపు బాగయ్యాక తాగుతాలే."