అక్క నీళ్ళలో ఉన్నంతసేపు

నా చిన్నప్పుడు మేము మారేడ్‌పల్లిలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. వీధి చివర ప్రతి మేడ మీదా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. మా నాన్న ఒక చిన్న ఆఫీసులో గుమాస్తా. ఇంటిపేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు విజయనగరం వైపు ఆ పేరు మేము చెప్పకుండానే జనానికి తెలిసేది. సికింద్రాబాదులో రెండుసార్లు చెప్పినా కరెంటు బిల్లు మీద తప్పుగానే పడేది. అయినా మా తాతయ్య పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టుకుని, ఎవరో పెద్దమనిషి రాబోతున్నట్టు నిటారుగా వసారాలో కూర్చునేవారు. ఆ ఇంటికి మిగిలిన ఒక్క వారసురాలిని నేనే కాబట్టి నా వెన్ను కూడా అలాగే ఉండాలని ఆయన నేర్పారు. ఇచ్చింది పుచ్చుకోకూడదు, ఎవరినీ బతిమాలకూడదు, మనింటి వస్తువును ఎవరైనా శంకిస్తే అక్కడ నిలబడకూడదు. ఈ మూడూ నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి.

పక్క పోర్షన్‌లో ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇంటి అక్క బడిలో ఆటల టీచరు. వేసవి సెలవుల్లో కాప్రా చెరువు దగ్గర పిల్లలకు కయాక్ నడపడం నేర్పేది. కయాక్ అంటే ఒక్కరే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. నాకు పదకొండో ఏట అక్క నన్ను తన స్కూటర్ వెనక ఎక్కించుకుని నేరేడ్‌మెట్ మీదుగా అక్కడికి తీసుకుపోయింది. ఫీజు మాట ఎత్తలేదు. తనకు తోడు కావాలని మా అమ్మతో చెప్పింది. అలా చెప్పకపోతే మా తాతయ్య పంపేవారు కాదని ఆమెకు తెలుసు.

అక్కడ పిల్లల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలు. వాళ్ళ లైఫ్ జాకెట్లు సింగపూర్ నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చినవి, కొత్త వాసన వేసేవి. నాకు మాత్రం క్లబ్బు వాళ్ళ నారింజ రంగు జాకెట్టు. అది వందమంది చెమట వాసన వేసేది. నీళ్ళలోకి దిగే ముందు అక్క అందరి వస్తువులూ చూసేది. పడవ వెనక బిరడా బిగించామా, ముందూ వెనకా గాలి సంచులు నిండుగా ఉన్నాయా, తెడ్డు ఎక్కడైనా పగిలిందా, మెడలో విజిల్ ఉందా అని వేలితో తడిమి మరీ చూసేది. నిన్న చూశావు కదా అని ఎవరైనా అంటే, నిన్నటి పడవలో నిన్న పోయినం కదా అనేది.

ఆఖరి రోజు అందరూ చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటాలి. ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు వచ్చి చూస్తారు. ఆ ముందురోజు సాయంత్రం మా తాతయ్య ట్రంకుపెట్టె తెరిచారు. కలరా ఉండల వాసన మధ్య నుంచి ఒక జాకెట్టు తీశారు. మందమైన తెల్లగుడ్డ పసుపు రంగుకు తిరిగింది. ఎదమీద ఎర్ర సిల్కు దారంతో మా ఇంటిపేరు మొదటి అక్షరం కుట్టి ఉంది. బకిల్స్ లేవు, ముందు మూడు చోట్ల గుడ్డ తాళ్ళతో ముడివేసుకోవాలి. మా ముత్తాతగారికి సొంత లాంచీ ఉన్నప్పుడు అతిథుల కోసం కుట్టించిన పన్నెండింటిలో అదొకటి. లాంచీ పోయింది, తక్కిన పదకొండూ ఏమయ్యాయో తెలియదు. దాన్ని నా భుజాల మీద వేసి ఆయన చాలాసేపు చూశారు. రేపు నువ్వు ఊరివాళ్ళ జాకెట్టు వేసుకోనక్కర్లేదు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున ఆయనా నేనూ ఆటోలో వెళ్ళాం. నన్ను చూడగానే ఒక పిల్లవాడు, "ఏ మ్యూజియంకెళ్ళి తెచ్చినవే ఇది?" అన్నాడు. పక్కనున్న పిల్ల నవ్వింది. మా తాతయ్య వాళ్ళ వైపు చూడనైనా చూడలేదు.

అక్క మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి జాకెట్టు అంచును రెండు వేళ్ళతో నొక్కి చూసింది. లోపల ఏదో నలిగినట్టు సన్నటి చప్పుడైంది. "తాతగారూ, లోపల బూరుగు దూది కదా? నీళ్ళు పోకుండ దాన్ని సంచులల్ల పెట్టి కుడతరు. ఆ సంచులు పాతబడితే పగులుతయి. ఇది ఈ మధ్య నీళ్ళల్ల వేసి చూసిండ్రా?" అని మెల్లగానే అడిగింది.

మా తాతయ్య ముఖం బిగిసింది. "ఏవమ్మా, మా ఇంటి వస్తువుకి పరీక్షా? జిల్లా కలెక్టరు దొరలు వేసుకున్న జాకెట్టు ఇది."

"దొరలు వేసుకున్నప్పుడు కొత్తది కదా తాతగారూ."

"అయితే మా పిల్ల ఎక్కదు. పద," అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

చుట్టూ తల్లిదండ్రులు మాటలు ఆపి చూస్తున్నారు. నాకు ఏడుపు వచ్చేలా ఉంది. దాటకుండా ఇంటికి పోవడం ఒక అవమానం, ఆ పిల్లల ఎదుట జాకెట్టు విప్పడం అంతకంటే పెద్ద అవమానం. అప్పుడు అక్క అంది, "ఒక మాట తాతగారూ. ముందు ఇది నేను వేసుకుంట. నీళ్ళల్ల ఊకనే ఉంట, చేతులు కాళ్ళు ఆడియ్య. మీరు చాలు అన్నప్పుడు బయటికొస్త. పాప వేసుకోవాల్నా వద్దా అప్పుడు మీరే చెప్పండి. నేను ఒక్క మాట అన."

ఆయన ఆలోచించి తల ఊపారు.

ఇటుక కట్టి నీళ్ళలో వేసి చూడవచ్చు కదా మేడం అని పడవల కాపలా అన్న అడిగాడు. "ఇటుక కడితే ఇటుకే ముంచింది అంటరు," అంది అక్క. అతని చేతికి తాడు చుట్ట ఇచ్చి, మెట్ల మీద కాలు తన్నిపెట్టి నిలబడమంది. జాకెట్టు వేసుకుని మూడు ముళ్ళూ బిగించుకుని, రేవు చివర రెండు నిలువుల లోతున్నచోట దూకింది.

జాకెట్టు ఆమెను బంతిలా పైకి తెచ్చింది. ఛాతీ దాకా నీళ్ళ పైనే ఉంది. అక్క చేతులు కట్టుకుని వెల్లకిలా వాలి, "తాతగారూ, పరుపు మీద పడుకున్నట్టున్నది," అంది. అందరూ నవ్వారు. మా తాతయ్య మీసం కదిలింది. నేను ఆ పిల్లవాడి వైపు తిరిగి గడ్డం ఎత్తాను. మేము గెలిచాం అనుకున్నాను.

అప్పుడే ఆయన చాలు అని ఉంటే నేను ఆ జాకెట్టుతోనే చెరువు దాటేదాన్ని. కానీ ఆయన అనలేదు. మా వస్తువు గొప్ప అందరూ ఇంకాసేపు చూడాలని ఆయనకు ఉంది. నాకూ ఉంది.

ఐదు నిమిషాలయ్యాయి. జాకెట్టు కుట్ల దగ్గర నుంచి చిన్న చిన్న బుడగలు రావడం మొదట నేనే చూశాను. ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నిమిషాలకు అక్క భుజాలు నీళ్ళ కిందికి పోయాయి. ఆమె నవ్వడం మానేసింది. ఎవరో పిల్లవాడు చేతి గడియారం చూసి నిమిషాలు పైకి చెబుతుంటే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది. పది దాటాక నీళ్ళు గడ్డానికి తగిలాయి. అక్క చేతులు కట్టుకునే ఉంది. కళ్ళు మాత్రం మా తాతయ్య మీద పెట్టింది. కోపంగా కాదు. బడిలో జవాబు తెలిసిన పిల్లవాడి కోసం టీచరు ఆగినట్టు చూస్తోంది.

"మేడం, ఇగ చాలు, తాడు పట్టుకోండి," అన్నాడు కాపలా అన్న.

"నువ్వు ఊకో అన్నా. తాతగారు చెప్పాలె."

ఆ మాట అంటుండగానే నీళ్ళు ఆమె నోట్లోకి పోయాయి. ఉమ్మేసి, తల ఇంకా వెనక్కి వాల్చింది. ఇప్పుడు ముఖం ఒక్కటే పైన ఉంది. నేను చాలు అని అరవవచ్చు. అయినా అరవలేదు. మా తాతయ్య ముఖం చూశాను. ఆయన అనకుండా నేను అంటే మా ఇల్లు ఓడిపోయినట్టు అనిపించింది. ఒక మనిషి నా కళ్ళ ముందు మునిగిపోతుంటే నేను లెక్క చూసుకున్నది అదీ. అది రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

చెప్పులు నీళ్ళలో తపతపలాడిన చప్పుడు వినబడింది. మా తాతయ్య చెప్పులు విడవకుండానే మెట్లు దిగుతున్నారు. ఒక మెట్టు, రెండు మెట్లు. పంచె మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు చుట్టుకుంది. "చాలమ్మా, చాలు. బయటికి రా," అన్నారు. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది.

అక్క తాడు అందుకుంది. కాపలా అన్న మెట్ల దాకా లాగాడు గానీ, ఆమె పైకి లేవలేకపోయింది. నీళ్ళు తాగిన దూది కిందికి గుంజుతోంది. ముళ్ళు విప్పబోతే తడికి గుడ్డ తాళ్ళు ఉబ్బి రాయిలా బిగుసుకుపోయాయి. ఒక చేత్తో తాడు పట్టుకుని, చిక్కుపడ్డ తాళ్ళు కొయ్యడానికి ఎప్పుడూ నడుముకు పెట్టుకునే చిన్న కత్తిని రెండో చేత్తో తీసింది. తీసి ఆగింది. ఆ రోజు ఆమె సందేహించడం నేను చూసింది అదొక్కసారే.

మా తాతయ్య వంగి, "కొయ్యమ్మా," అన్నారు. ఆమె ఇంకా చూస్తుంటే, "కొయ్యమన్నాను కదా," అని జాకెట్టు గుడ్డ తాడును తానే లాగి పట్టుకున్నారు. మూడు ముళ్ళూ తెగాయి. అక్క మెట్టు మీదికి వచ్చి కూర్చుని దగ్గింది. కాపలా అన్న రెండు చేతులా జాకెట్టు ఎత్తబోయి, అబ్బా అని కింద పెట్టాడు. అది గోనెసంచిలా మెట్టు మీద కూలబడింది. దాని లోంచి నీళ్ళు చాలాసేపు కారుతూనే ఉన్నాయి.

అక్క తన మాట నిలబెట్టుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. తల తుడుచుకుంటూ కూర్చుంది. తీర్పు చెప్పాల్సింది మా తాతయ్య. అంతమంది ఎదుట ఆయన నిటారుగా నిలబడి, "నాదే పొరపాటు," అన్నారు. మా ఇంట్లో ఆ మాట అంతకుముందు నేను ఎవరి నోటా వినలేదు. ఆ జాకెట్టు ఇంకెవరూ పొరపాటున వేసుకోకుండా చింపి పారేయమని కాపలా అన్నకు చెప్పారు.

తర్వాత క్లబ్బు జాకెట్టు తెమ్మన్నారు. తడి మెట్టు మీద ఒక మోకాలు ఆనించి నాకు తానే తొడిగారు. బకిల్స్ ఎలా పెట్టాలో తెలియక అక్కను అడిగారు. అడగడం ఆయనకు అలవాటు లేదు, అందుకని మాట కాస్త గరుకుగా వచ్చింది. "బుజాల దగ్గర పట్టి పైకి గుంజండి తాతగారూ. చెవుల దాకా లేస్తే లూజున్నట్టు," అంది అక్క. ఆయన గుంజారు. జాకెట్టు కొంచెం లేచింది. పట్టీలు బిగించి మళ్ళీ గుంజారు. ఈసారి జాకెట్టుతో పాటు నేనే లేచాను. ఆ పిల్లలు నవ్వారు. నాకు ఏమీ అనిపించలేదు.

ఆ గట్టుకు నేను ఎన్నో స్థానంలో చేరానో గుర్తు లేదు. చేరాను. తిరిగి చూస్తే ఇవతలి గట్టున తడిపంచెతో ఒక సన్నటి మనిషి, ఎప్పటిలాగే నిటారుగా నిలబడి ఉన్నారు.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. పంతం మాత్రం తగ్గలేదు, దాన్ని దాచుకోను. నా మాటను ఎవరైనా శంకిస్తే ఇవాళ్టికీ ముందు నా వెన్ను బిగుసుకుంటుంది. ఇంట్లో పిల్లలతో, ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళతో ఎన్నోసార్లు అలా బిగుసుకుని కూర్చున్నాను. అయితే కాసేపటికి ఎదుటి మనిషి ముఖం వైపు చూస్తాను. నా మాట నెగ్గాలని నేను ఒడ్డున నిలబడి ఉన్నంతసేపూ నీళ్ళలో ఎవరున్నారు, నీళ్ళు వాళ్ళకు ఎంతదాకా వచ్చాయి అని చూసుకుంటాను. గడ్డం దాకా వచ్చాయనిపిస్తే చాలు అంటాను. ఆ మాట అనడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. అయినా ఆ రోజు మా తాతయ్య అన్నదానికంటే కొంచెం ముందే అంటున్నాను. నేనైతే ఆ రోజు అసలు అనలేదు.