సున్నం కాల్చిన చెంప

చిన్నప్పటి కాలిన మచ్చకు లేజరు చేయించుకొని, కర్నూలులో కూతురింట్లో కిటికీ తెరలు దించుకొని కూర్చున్నాను. లేజరంటే పైచర్మాన్ని పలచగా కాల్చి తీసెయ్యడమే, కింద నుంచి కొత్తది రావాలి. చెంప ఉబ్బి, ఎర్రబడి, చెమ్మ ఊరుతోంది. వారం పది రోజుల్లో పొర రాలిపోతుందట, గీరకూడదట, ఎరుపు తగ్గడానికి నెలలు పడుతుందట, ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుందట. మన ఎండల సంగతి ఆ డాక్టరమ్మకు తెలియదా! ఇంత చేసినా మచ్చ పలచబడుతుందే గాని పూర్తిగా పోదని ముందే చెప్పింది. మెల్లగా చన్నీళ్లతో కడుగుతూ ఉండమంది. ఆ చన్నీళ్ల మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఈ వయసులో ఎందుకమ్మా అని కూతురు విసుక్కుంది. నా కోసం కాదు. ఎర్రగుంట్లలో తమ్ముడి దగ్గరున్న మా అమ్మ, తొంభై దాటినా, నన్ను చూసినప్పుడల్లా ఈ చెంప తడిమి ఏడుస్తుంది. ఆమె ఉండగా ఒక్కసారి నున్నని చెంప చూపించాలని నా ఆశ.

మన చిన్నప్పుడు క్రిస్మస్ ముందు ఇళ్లకు వెల్ల వేయడం మీకు గుర్తుండే ఉంటుంది. కుండలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికే ఆ చోద్యం చూడటానికి పిల్లలమంతా మూగేవాళ్లం, ఆ వాసనే మాకు పండుగ. ఒక ఏడు ఉడుకుతున్న సున్నం ఎగిరి నా చెంప మీద పడింది. అమ్మ నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చింది. మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, చెయ్యి అడ్డం పెట్టి, "సున్నం మీద నీళ్లు పోస్తే ఇంకా ఉడుకుతాది, ఆముదం పూయండి" అని గద్దించింది. ఎదురుగా కుండలో ఉడుకుతున్నది చూస్తూ ఆమె మాట తప్పని ఎవరనుకుంటారు? అత్తకు ఎదురు చెప్పే కాలమూ కాదది. అమ్మ చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయింది. వెంటనే నీళ్లతో బాగా కడిగి ఉంటే ఇంత లోతుగా కాలేది కాదని తరువాత ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాట ఆమెను ఇన్నేళ్లూ తింటూనే ఉంది.

నిన్న తమ్ముడు వీడియో కాల్ చేసి, నేను వద్దనేలోగానే ఫోను అమ్మ ముందు పెట్టాడు. ఈ మధ్య ఆమెకు ఏది ఎప్పటిదో తెలియడం లేదు. నా ముఖం చూడగానే కేక పెట్టింది. "నీళ్లు పోయండి! బిడ్డ మొగం కాలిపోతాండాది! నువ్వు అడ్డం రావాక అత్తా, నీళ్లు పోయనీ!"

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను, కన్నీళ్ల ఉప్పు చెంపకు తగలకూడదని కూతురు తుడుస్తూనే ఉంది. లేజరు రోజున అది డాక్టరమ్మను నిలదీసి, నాలుగు ప్రశ్నలడిగి గాని నన్ను లోపలికి పంపలేదు. మా అమ్మకు వాళ్లత్తతో ఆ ఒక్క మాట అనడానికి అరవై ఏళ్లు పట్టింది.