శనివారం రాహుకాలం, రోజుకొక్క ఓడ

2023 జులై. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీదున్న నా ట్రావెల్స్ ఆఫీసుకు నగరి నుంచి మునిరత్నంగారు, ఆయన భార్య సరోజమ్మగారు వచ్చారు. ఆయన నలభై ఏళ్లు పవర్‌లూమ్ నడిపిన మనిషి. వెన్నెముకకు ఆపరేషన్ అయింది. గంటకు మించి కూర్చోలేరు.

"భావ్‌నగర్‌లో మా అక్క మంచాన పడి ఉండాదప్పా. ఒకసారి కండ్లారా సూసి రావాల" అన్నారు.

సూరత్ దాకా రైల్లో పడుకుని పోవచ్చు. అక్కడి నుంచి రోడ్డు మీద తొమ్మిది, పది గంటలు ఆయన వల్ల కాదు. అందుకే సూరత్ పక్క రేవు నుంచి సముద్రం దాటి భావ్‌నగర్ వైపు వెళ్లే రో-రో ఫెర్రీ చూశాను. అంటే కారును నడుపుకుంటూనే లోపలికి ఎక్కించే ఓడ. కారు కింద ఉంటుంది, మనిషి పైన బెర్తులో పడుకోవచ్చు. ఆఫ్ సీజన్‌లో అది ఖాళీగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి వానాకాలంలో ట్రిప్పులు తగ్గించేస్తారు, ఉన్న చోటును లారీలు నింపేస్తాయి. సూరత్‌లో డ్రైవర్‌తో సహా ఒక అద్దె కారు మాట్లాడాను. శనివారం ఒంటిగంట ఓడలో కారుకు చోటు సంపాదించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సరోజమ్మగారు గోడ మీది క్యాలెండర్ చూసి, "రాహుకాలం తొమ్మిదికి పట్టి పదిన్నరకంతా అయిపోతాది, సరే" అన్నారు.

ఆ శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నాకు మెసేజ్ వచ్చింది. సముద్రం బాగాలేదని ఓడను పదకొండున్నరకే వదులుతున్నారు. కార్ల గేటు పదిన్నరకు మూస్తారు. సూరత్‌లో వాళ్లు దిగిన లాడ్జి నుంచి రేవుకు గంట దారి. రోజుకు ఒక్కటే ఓడ, మర్నాడు అదైనా ఉంటుందన్న నమ్మకం లేదు. వెంటనే వాళ్లకు ఫోన్ చేశాను.

"ఈయనకు నడుం బెల్టు కట్టి కిందికి దించేసరికి తొమ్మిది దాటతాది. రాహుకాలంలో ఈ మనిషిని గడప దాటించను" అన్నారు సరోజమ్మగారు.

నాకు ఒళ్లు మండింది. ఓడకేం తెలుసమ్మా రాహుకాలం అని నోటిదాకా వచ్చింది. గడియారం ఎనిమిదీ నలభై నాలుగు చూపిస్తోంది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. వేళ కుదరనప్పుడు ఆమె ఒక సంచీని ముందే మంచి వేళలో పక్కింట్లో పెట్టించేది. ప్రస్థానం పెట్టడం అంటారు. సంచీ గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే లెక్క.

"అమ్మా, ఆయన కండువా ఇప్పుడే డ్రైవర్ చేతికిచ్చి కార్లో పెట్టించండి. ప్రస్థానం అయిపోతాది."

"అది ఇంకొకరింట్లో పెట్టాల గదప్పా. కార్లో సెల్లుతాదా?"

"కారు డ్రైవర్‌ది గదమ్మా. నెలలో సగం రోజులు అతను పడుకునేది దాన్లోనే. బాగా సెల్లుతాది."

వెనక నుంచి మునిరత్నంగారి నవ్వు వినిపించింది. "పెట్టు మే. నేను అక్కను సూడాల" అన్నారాయన.

కండువా తొమ్మిదిలోపే గడప దాటింది. వాళ్లు తొమ్మిదీ పదికి కదిలారు. కారు ఓడెక్కేదాకా నేను ఫోన్ వదల్లేదు, ఆఫీసుకు వచ్చినవాళ్లను అట్లాగే కూర్చోబెట్టాను.

రాత్రి భోజనాల వేళకు ఆయనే ఫోన్ చేశారు. "అక్క గుర్తుపట్టిందప్పా. ఇన్నాళ్లకు తీరిందేమిరా నీకు అని తిట్టినాది. నా చెయ్యి మాత్రం ఇడిసిపెట్టలేదు."

వినాయక చవితికి ముందే ఆయన అక్క పోయిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆఫ్ సీజన్ టికెట్ తీసేముందు, మీరు ఏ వేళలో గడప దాటరో చెప్పండని అడిగి రాసుకుంటాను. రాహుకాలం మీద నాకు నమ్మకం లేదు. ఆ పొద్దున వాదనకు దిగి ఉంటే సరోజమ్మగారి మీద గెలిచేవాణ్ణేమో. ఈలోపు ఓడ వెళ్లిపోయేది. ఆ అక్క తమ్ముణ్ణి చూడకుండానే పోయేది.