యంత్రానికి పెట్టిన బొట్టు

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన దేవుడి పటం ముందు కూర్చోబెట్టి ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. కెమెరాల గురించి, కంపెనీల గురించి నాకు తెలిసిందంతా పత్తికొండలోని మా రేకుల షెడ్డులో టమోటాలు కడుగుతూ నేర్చుకున్నదే.

మా ఆయన కర్నూలు దగ్గర ఒక పెద్ద కంపెనీలో, టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీలో, పదేళ్లు మెకానిక్కుగా పనిచేశారు. రంగును చూసి కాయల్ని వేరుచేసే యంత్రం అక్కడ ఉండేది, విదేశాలది. అలాంటిదే చిన్నది, మార్కెట్టు దగ్గరే పెట్టుకునేది చేయవచ్చని ఆయన బొమ్మ గీసి ఇచ్చారు. ఆ కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోతూనే ఉండింది. రెండేళ్లు చూసి ఆయనే బయటికి వచ్చేశారు. వాళ్లను తప్పుపట్టను. పదేళ్లు మాకు అన్నం పెట్టిన చోటు. అంత పెద్ద ఇంట్లో ఒక స్క్రూ కదపాలన్నా పదిమందికి చెప్పాలి మరి.

ఆ చిన్న యంత్రాన్ని చేయడానికి మా షెడ్డులో ఉన్నది ముగ్గురమే. ఆయన, నేను, వెల్డింగ్ చేసే మా పక్కింటి భాయి. పొద్దున అనుకున్నది మధ్యాహ్నానికి ఇనుములో కనిపించేది. అయితే భాయికి జ్వరం వస్తే కంపెనీ అంతటికీ జ్వరమే. అట్లా మూడు ఎండాకాలాలు గడిచాయి. టమోటా పులుపుకు నా వేళ్ల సందుల్లో పడిన పగుళ్లు మానడం మానేశాయి. ఈసారి పరీక్షలో నెగ్గకపోతే షెడ్డు మూసి పాత పనికే పోతానని ఆయన చెప్పారు. గొంతులో కోపం లేదు, అలసట తప్ప.

యంత్రాన్ని పరీక్షించి చూడటానికి వస్తామన్నది ఆ పాత కంపెనీ వాళ్లే. శుక్రవారం ఒక ఇంజనీరమ్మ వచ్చింది, కడపామె.

ఆ పొద్దున నేను ప్రతి శుక్రవారం చేసినట్టే యంత్రానికి పసుపు రాసి కుంకుమ పెట్టాను. ఎప్పుడూ కాళ్లకు పెట్టేదాన్ని. ఆ రోజు పెద్ద రోజు కదా అని, కెమెరా అద్దానికి కొంచెం పైన, నుదుట పెట్టినట్టు పెద్ద బొట్టే పెట్టాను.

బెల్టు తిరిగింది. మాగినవి ఎడమ పెట్టెలోకి, పచ్చివి కుడి పెట్టెలోకి పడాలి. కాసేపు బాగానే పడ్డాయి. ఆ తర్వాత పచ్చివి కూడా ఎడమకే పోసాగాయి.

"ఏమన్నా, నీ మిషనుకు పచ్చికాయలు కూడా మాగినట్లే కనపడ్తాండాయే" అంది ఇంజనీరమ్మ.

ఆయన వైర్లు ఒక్కొక్కటే లాగి చూశారు. భాయి స్టూలెక్కి కెమెరాను తొంగి చూసి, నావైపు తిరిగాడు.

"అక్కా, బొట్టు శానా ఘనంగా పెట్టినావే. బెల్టు అదిరి అంతా అద్దం మీద రాలింది. కడిగిన కాయల తేమకు అంటుకోనుండాది. పాపం, దీని కంటికి లోకమంతా ఎర్రగుండాది."

మూడేళ్ల కష్టాన్ని నా భక్తే చెడగొట్టింది. ఆయన లాగిన వైర్లను మళ్లీ బిగించుకుంటూ పోయారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజనీరమ్మ నవ్వలేదు. అద్దాన్ని వేలితో తుడిచి, ఆ వేలిని చూసుకుంది. "మా ఫ్యాక్టరీ మిషన్లో కుంకుమ పడదు, పూజంతా గేటు కాడనే. కానీ దుమ్ము పడ్తాది. తుడిచేదానికి మాకు అధికారం లేదు. మిషను అమ్మినోళ్ల మనిషి రావల్ల. రెండు దినాలు నిలిచిపోతాది."

"దుమ్ము లేంది యాడమ్మా?" అన్నాడు భాయి. "కుంకుమ వారానికొకసారి. పత్తికొండ దుమ్ము దినామూ పెట్టే బొట్టే గదా."

అంటూనే పాత సైకిలు ట్యూబులో ఒక ముక్క కోసి సన్నటి కమ్మీకి బిగించాడు. కాయల్ని పెట్టెలోకి తోసే యంత్రం చెయ్యికి ఆయన ఆ కమ్మీని కలిపారు. చెయ్యి కదిలినప్పుడల్లా ట్యూబు అద్దాన్ని ఒకసారి తుడిచిపోతుంది. నేను చేసిన జొన్న రొట్టెలు చల్లారకముందే పని అయిపోయింది.

"ఈసారి బొట్టు నేను పెడ్తా" అని ఇంజనీరమ్మ బయట నుంచి గుప్పెడు దుమ్ము తెచ్చి అద్దం మీద చల్లింది. ట్యూబు రెండుసార్లు తుడిచింది. పచ్చివి కుడికి పోయాయి.

ఆమె చాలాసేపు చూసి, "మా కాడ దీనికి ఆర్నెల్లు పడ్తాది" అంది. తర్వాత ఆయన్ను అడిగింది. "ఈ ట్యూబు ఎన్నిసార్లు తుడిస్తే అరుగుతాదో తెల్సునా అన్నా?"

ఆయన తెలియదన్నారు.

"అది తెలుసుకునేదానికి మా కాడ యంత్రాలుండాయి."

కోత అయిపోయి, టమోటా బండ్లు రావడం ఆగాక గానీ కంపెనీ నుంచి కబురు రాలేదు. ఒకేసారి ఇరవై యంత్రాలు కావాలన్నారు. మా ముగ్గురి చేత ఏడాదికి ఒకటి అయితే గొప్ప. షెడ్డు పని అయిపోయిందనే అనుకున్నాం. చివరికి ఆమే మళ్లీ వచ్చి ఒక దారి చెప్పింది. యంత్రాలు వాళ్ల ఫ్యాక్టరీలో తయారవుతాయి. ప్రతి కొత్త మార్పునూ ముందు మా షెడ్డులో చేసి చూడాలి. ఆయనకు, భాయికి జీతం.

"తప్పులు చేసేదానికి ఒక తావు కావల్ల అన్నా. మా కాడ ఎవరికీ అంత ధైర్యం లేదు" అంది.

యంత్రం మీద మా పేరు ఉండదు. షెడ్డు ఉంటుంది. ఆ మాట విన్న మధ్యాహ్నం, సంతోషపడేందుకు కూడా ఓపిక లేక, ఆయన గోడకు ఆనుకుని అట్లే నిద్రపోయారు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత భాయికి, ఆ కడపామెకు కూడా, మనసులోనే.

మరుసటి శుక్రవారం కుంకుమ భరిణె పట్టుకుని యంత్రం ముందు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాను.

"పెట్టేది పెట్టు" అన్నారు ఆయన, పనిలోంచి తల ఎత్తకుండా. "కాళ్లకు పెట్టు."