వదినకు చదివిన గో సామెతలు

అన్న గుండెపోటుతో పోయి మూడు వారాలైంది. నాకింకా ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా నా ముఖంలో దాన్నే వెతుకుతుంటే విసుగొచ్చింది. ఆ ఆదివారం చింతామణిలో బస్సెక్కి బాగేపల్లిలో వదిన ఇంటికి వెళ్లాను. ఆమె కాఫీ ఇచ్చి, అన్న సంచిలో దొరికిన నోటుపుస్తకం నా ముందు పెట్టింది.

"ఏముండాదప్పా దీంట్లో? నాకు తెలుగు చదివేకి రాదు కదా."

వదిన పుట్టింటి ఊరు మిట్టేమరి. మాట తెలుగే అయినా చదువంతా కన్నడంలో సాగింది. మా ఇంట్లో మాత్రం గుడి పని చేసే తాత పట్టుబట్టి మాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు.

అవి గో ఆటకు కట్టిన సామెతలని చెప్పాను. గీతల పలక మీద ఒకరివి నల్లరాళ్లు, ఒకరివి తెల్లరాళ్లు. చోటును చుట్టి దక్కించుకోవడమే ఆట. అన్నా నేనూ ఫోన్లో చూసి నేర్చుకున్నాం. ఆ ఆటకు తెలుగులో సామెతలు లేవని అన్నకు ఒకటే బాధ. వారమంతా సర్వే కచేరి తరఫున పొలాలు కొలిచి, ఆదివారం పొద్దున్నే నా గదికి వచ్చేవాడు. ఆట ఓడిపోయి, ఒక సామెత రాసి, పగలబడి నవ్వేవాడు.

"నవ్వుతాండెనా?" అంది వదిన. "ఇంట్లో అన్నం పెట్టమనేకి కూడా మాట కరువే. చదువప్పా, ఏమని నవ్వుతాండెనో ఇంటాను."

చదివాను. "గెనిమ వేయకముందే కోతకు మనుషుల్ని పిలవద్దు." పొలానికి గట్టు వేసినట్టు హద్దు మూయకుండా చోటు మనదే అనుకోవద్దని. "తోసుకుంటే బస్సులో సీటు దొరుకుతుంది, పలక మీద దొరకదు." "అత్తింట్లో రెండు దినాలు, ఎదుటివాడి మూలలో రెండు రాళ్లు. మించితే మర్యాద పోతుంది."

"రెండు దినాలు యాడ ఉన్న్యాడు? మధ్యాన్నం బస్సుకే ఎళ్లిపోతాండె," అంది. ఆమె నవ్వలేదు. ఒకప్పుడు నేను కడుపు పట్టుకుని నవ్విన మాటలే అవి. రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు చదువుకుంటూ పోయాను.

చివరికొచ్చాక అడిగింది. "నా గురించి ఏమన్నా రాసినాడా అప్పా? ఒగటైనా?"

రాయలేదు. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. నా మీద నాకే భయం వేసింది. పేజీ తిప్పి, చదువుతున్నట్టే అన్నాను: "ఇంట్లో ఆమె ఉండగా నాకు కాపలా ఎందుకు? గట్టిగా ఉన్న రాళ్లను వదిలి వేరేచోట ఆడు."

వదిన ఆ పేజీ వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు నేనూ చూశాను. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"తెలుగు రాకున్నా ఖాళీ పుట తెలుస్తాదప్పా," అంది.

నేను పుస్తకం మూయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. ఇంగోసారి చదువు."