కాళ్లకి చెప్పని కారు

దివిసీమ ఉప్పెన వచ్చి ఏడాది తిరిగాక, మద్రాసులో ఒక దొర తన దేశం వెళ్లిపోతూ అమ్మిన చిన్న ఎర్ర కారు కొన్నాను. గుడివాడలో అలాంటిది ఇంకోటి లేదు. కాలు ఆనిస్తే దూకేది.

డ్రైవరుగా బందరు నూరుల్లాను పెట్టుకున్నాను. చెప్పులు విప్పి ఉత్తి కాళ్లతో తోలేవాడు. ఉప్పెనప్పుడు దివిసీమకు లారీలో బియ్యం చేరవేసినవాడు. అవనిగడ్డ రోడ్డెక్కితే మాత్రం నా కారును ఎడ్లబండి చేసేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఏం తోలడమయ్యా ఇది? ఇలాంటి కారు నడుపుతుంటే సరదాగా లేదూ?"

"పరుగు బాగానే ఉందండీ. కింద ఏముందో కాళ్లకి చెప్పదండీ. అప్పట్లో ఈ రోడ్డంతా బురదా, గడ్డీనండీ. లారీ చక్రానికి ఏం తగిలినా కాళ్లకి తెలిసేది. దిగి చూసేవాణ్ణి. కొన్నిచోట్ల గడ్డే ఉండేదండీ."

మిగతా చోట్ల సంగతి నేను అడగలేదు. "చాల్లే, ఇటు జరుగు" అని స్టీరింగు నేనే పట్టుకున్నాను. కారు ఎగిరింది. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

మలుపు తిరగ్గానే "ఆపండి!" అని నూరుల్లా అరిచాడు. నాకేమీ తెలియలేదు. బ్రేకు వేసీ వెయ్యకముందే తలుపు తీసుకుని వెనక్కి పరుగెత్తాడు. ఏ బండి మీంచో జారిన వరిగడ్డి మోపు రోడ్డు మీద నలిగి ఉంది.

"గడ్డేనయ్యా!" అని నవ్వాను.

అతను వినలేదు. దాన్ని రెండు చేతులా ఎత్తి, గట్టు మీదికి మోసుకెళ్లి, తల ఎటుందో వెతుక్కుంటూ పడుకోబెట్టాడు.