మైసమ్మ లోపల మా బాయి

మా అన్న దేవుడి సంగతి నన్ను అడిగింది రెండే రెండు సార్లు. మొదటిసారి నేను అవసరానికి మించి మాట్లాడాను. రెండోసారి తెలిసినంతా చెప్పాను, అది చాలలేదు.

మాది గోదావరిఖని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం. బాయి లోపల పైకప్పు కూలకుండా ఇనుప బోల్టులు బిగించడం అన్న పని. నేను బడిలో పాఠాలు చెబుతాను. దూరవిద్యలో తత్వశాస్త్రం చదివి పట్టా తెచ్చుకున్న కొత్తలో ఇంట్లో ఎవరు చిక్కినా వదిలేదాన్ని కాదు. వదిన కూర తరుగుతుంటే పక్కన చేరి సృష్టి రహస్యం మొదలుపెట్టేదాన్ని. “గిన్ని తెలిసినదానివి, గా ఉల్లిగడ్డ పొట్టు తియ్యరాదు” అనేది వదిన. అప్పుడే ఆమె మాట విని ఉల్లిగడ్డల పని చూసుకుని ఉంటే బాగుండేది.

అన్నకు తనదంటూ ఒక పద్ధతి ఉండేది. బాయిలోకి దిగే దారి పక్కనే మైసమ్మ గుడి. షిఫ్టుకు పోయే ప్రతి మనిషీ అక్కడ దండం పెట్టుకునే దిగుతాడు. అన్న కూడా పెట్టేవాడు. కానీ లోపల టిఫిన్ డబ్బా విప్పే ముందు, తను కూర్చునే చోట తల మీది కప్పును ఇనుప కడ్డీతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే బండ పట్టు విడిచినట్టు. పొద్దున సూపర్‌వైజరు అంతా కొట్టి చూసి పోయినా సరే, తన జాగా తను మళ్లీ చూసుకోవాల్సిందే. “అమ్మ గడ్డ మీద ఉంటది, కిందికి రాదు. కింద మనకు కడ్డే దిక్కు” అనేవాడు. అమ్మ అంటే మైసమ్మ.

అట్లా ఇరవై ఏళ్లు చేశాడు. తర్వాత ఒకరోజు అతనితో పనిచేసే మనిషి మీద బండ పడింది. అన్న కళ్ల ముందే ప్రాణం పోయింది. ఆ తర్వాత అన్నకు అన్నం సయించలేదు. డ్యూటీకి పోయే వేళయినా బూట్లు తొడుక్కోకుండా కూర్చునేవాడు. ఒక ఆదివారం పొద్దున క్వార్టర్ ముందు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు.

“చెల్లె, నువ్వు గవన్నీ సదివినవ్ గద. అమ్మ కిందికి వస్తదా, రాదా?”

భయపడిన మనిషి అడిగిన ప్రశ్న అది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటే సరిపోయేది. నేనేమో పాఠం అందుకున్నాను. దేవుడు లోకాన్ని చేసి బయట నిలబడ్డాడని కొందరంటారు, ఇల్లు కట్టేసి వెళ్లిపోయిన మేస్త్రీలాగా. లోకమే దేవుడు, అంతకుమించి ఏమీ లేదని ఇంకొందరంటారు. నాకు మూడో మాట ఇష్టం. లోకమంతా దేవుడి లోపలే ఉంది, అణువణువులో ఆయనే ఉన్నాడు, అయినా ఈ లోకంతో ఆయన అయిపోడు, ఇంకా మిగిలే ఉంటాడు. ఇదంతా చేతులూపుతూ చెప్పాను.

అన్న తలెత్తి పైకి చూశాడు. “గాలి లెక్కనా?” అన్నాడు. “ఫ్యాను పెట్టి బాయిలకు గాలి తోలుతరు. బాయిల గాలి ఉంటది. కాని అసలుకైతే బాయే గాలిల ఉన్నట్టు. మీద ఆకాశం నిండ ఇంకింత గాలున్నది.”

నాకు పట్టరాని సంతోషం. రెండేళ్లు కష్టపడి నేను అర్థం చేసుకున్నది అతనికి రెండు నిమిషాల్లో అందింది.

“గంతే అన్న! మస్తు చెప్పినవ్.”

“గట్లయితే కిందికి దిగినా నేను అమ్మ లోపల్నే ఉన్నట్టు.”

“ఆమె లోపల్నే.”

బండ కూడా ఆమె లోపలే ఉందని నేను అనలేదు. లోపల ఉండటం వేరు, క్షేమంగా ఉండటం వేరు అని అనలేదు. దాచిపెట్టాలని కాదు, నాకు తట్టనే లేదు. అన్న ముఖం తేటపడింది. ఆ రోజు కడుపు నిండా తిన్నాడు. నా చదువు ఒక మనిషికి పనికొచ్చిందని పొంగిపోయాను.

కొన్ని నెలలకు బండ అన్న నడుము మీదే పడింది. దవాఖానలో, వదిన మందులకు పోయినప్పుడు, తనే చెప్పాడు.

“టిఫిన్‌కు కూసునేటప్పుడు మీద కొట్టి చూడలే చెల్లె. నీ మాట యాదికొచ్చింది. అమ్మ లోపల్నే ఉన్న గద, ఏం ఫికర్ అనుకున్న.”

ఆ గొంతులో నింద లేదు. అదే నాకు భరించరానిదయింది. తిడితే ఏడ్చేదాన్ని. నాకు కోపం వచ్చింది, అతని మీద కూడా వచ్చింది. ఇరవై ఏళ్లు ఎవరి మాటా నమ్మకుండా కడ్డీని నమ్మినవాడు, పోయిపోయి నా మాట నమ్మాలా? ఈ సంగతి ఇప్పటికీ వదినకు తెలియదు. అన్న చెప్పలేదు. నాకు ధైర్యం లేదు.

కంపెనీ మెడికల్ అన్‌ఫిట్ అని రాసింది. నడుము కింద అన్నకు ఏమీ తెలియదు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నేను బడి నుంచి వచ్చాక వదినా నేనూ కలిసి తిప్పుతాం. ఒకరు భుజాలు, ఒకరు తుంటి. అన్న ఒళ్లు బరువు.

మొన్న ఒక సాయంత్రం వదిన మెడికల్ షాపుకు పోయింది. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేలుడు పెడితే గోడలు అదిరి, అన్న దుప్పటి మీద సున్నం పెచ్చులు రాలాయి. నేను దులుపుతున్నాను. అన్న నా వంక చూడకుండానే అడిగాడు.

“అంత అమ్మ లోపల్నే అంటివి గద. మరి నా మీద బండ పడ్డప్పుడు, అమ్మకు నొప్పి తెలిసిందా?”

ఏమో తెలియదు అనేద్దామనుకున్నాను. కానీ ఒకసారి సగం చెప్పినందుకే ఈ మంచం. ఈసారి మొత్తం చెప్పాను.

“తెలుస్తదంట అన్న. ఆమె లోపల ఎవరికి నొప్పయినా అది ఆమెకు గూడ నొప్పే అంటరు.”

“మరి బండను ఆపదా?”

“ఆపుతదని నేను చదివిన పుస్తకాలల్ల లేదు. ఇడిచిపెట్టి పోదు అంటరు, గంతే.”

దేవతను తిడతాడనుకున్నాను. నన్ను తిడతాడని ఆశపడ్డాను. అన్న దుప్పటి మీది సున్నం పెచ్చు ఒకటి తీసి వేళ్లతో నలిపాడు.

“పాపం” అన్నాడు. “నన్నంటే మీరిద్దరు తిప్పుతున్నరు. అమ్మను ఎవరు తిప్పుతరు, చెల్లె?”

అతన్ని పక్కకు తిప్పే వేళ దాటిపోతోంది, వదిన ఇంకా రాలేదు. ఒక్కదాన్నే అతని భుజం కిందికి చేతులు పోనిచ్చి ఎత్తబోయాను. నా వల్ల కాలేదు.